కోటు కుడిచెయ్యి

ఆదివారానికల్లా కావాలని చెల్లెలు తెచ్చిన గుడ్డను దర్జీ కత్తిరింపు బల్ల మీద పరిచి, అరచేత్తో ఈ అంచు నుంచి ఆ అంచుదాకా నిమిరాడు. సైన్యం స్టోర్ల నుంచి వచ్చిన ముదురాకుపచ్చ ఉన్ని గుడ్డ. బరువుగా, బిగువుగా ఉంది. పిడికిట్లో నలిపి వదిలితే ఏమీ జరగనట్టు మళ్ళీ సాపుగా పడుకుంటోంది.

"ఇలాంటి గుడ్డ మన కొట్టుకి ఎప్పుడూ రాలేదు," అన్నాడు.

"ఇలాంటి కెప్టెనూ రాలేదు," అంది అతని భార్య, తెర పక్కకి జరిపి టీ గ్లాసులు అందిస్తూ. ముందు గది కొట్టు, తెర వెనక ఇల్లు. కొట్లో అన్న మాట ఇంట్లో వినపడకుండా పోవడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు.

చెల్లెలు బల్ల చివర కూర్చుని కాళ్ళూపుతోంది. నదుల మీద వంతెనలు కట్టే, పడవలు నడిపే దళంలో కెప్టెన్. యుద్ధంలో ఒక నది దగ్గర చేసిన పనికి పతకం వచ్చిందని పేపర్లో పడింది. అప్పట్నుంచీ వీధిలో వెళ్ళేవాళ్ళంతా కొట్టు ముందు కాస్త నెమ్మదించి లోపలికి తొంగి చూస్తున్నారు. ఆమె మాత్రం నిన్న బస్సు దిగిన దగ్గర్నుంచీ అన్నయ్య పాత చొక్కా ఒకటి తగిలించుకుని, చేతులు మోచేతుల దాకా మడుచుకుని ఇల్లంతా తిరుగుతోంది.

"బల్ల దిగవే కందిరీగా. గుడ్డ మీద కూర్చుంటావు."

"కెప్టెన్ని పట్టుకుని కందిరీగంటావా?"

"కుట్టని కెప్టెన్ ఎవరైనా ఉంటే చూపించు, గారు అంటాను. దిగు, కొలతలు తీసుకోవాలి."

ఆమె నవ్వి దిగి, అద్దం ముందు నిలబడింది. అతను మెళ్ళో వేలాడుతున్న టేపు తీసి వీపు కొలిచాడు, ఛాతీ కొలిచాడు, నడుము కొలిచాడు. కొలిచిన ప్రతిసారీ బల్ల మూల సుద్దతో రాసుకున్నాడు. భుజాల దగ్గరికి వచ్చేసరికి టేపు తీసి మళ్ళీ పెట్టాడు.

"కుడి భుజం దిగిందేం?"

"సంచులు మోసి మోసి," అంది అద్దంలోంచి.

అతను తలూపాడు. అతనికి అది కొత్త కాదు. పోస్టుమానుకి ఒక భుజం దిగి ఉంటుంది, తాపీమేస్త్రికి ఇంకొకటి. దిగిన వైపు లోపల కాస్త దూది పట్టీ ఎక్కువ పెడితే బయటికి రెండూ సమంగా కనిపిస్తాయి. ఆ సంగతి వాళ్ళకి కూడా చెప్పడు. కోటు వేసుకుని అద్దంలో చూసుకుని, తామింత నిటారుగా ఉంటామని తెలియనట్టు వాళ్ళు మురిసిపోతుంటే అతనికి సరదా.

"మెడల్ ఎక్కడ పెట్టావు? దాని బరువు చూడాలి. గుడ్డ వెనక గట్టి పట్టీ వెయ్యకపోతే లాగేస్తుంది."

"ఎక్కడో పెట్టాను. తర్వాత ఇస్తాను."

"ఎక్కడో ఏమిటి, మేజోడులో పెట్టింది," అంది తెర వెనక నుంచి అతని భార్య. "పొద్దున బట్టలు నానబెడుతుంటే ఠంగుమని బకెట్లో పడింది. నా ప్రాణం పోయిందనుకో. ఊరంతా దాన్ని చూడాలని కాచుకుని ఉంటే నేను సబ్బునీళ్ళలో ముంచాను."

"శుభ్రపడింది కదా వదినా," అంది చెల్లెలు.

*

మర్నాడు కోటుని కచ్చాకుట్టు వేసి నిలబెట్టాడు. తెల్లదారంతో పొడుగు పొడుగు కుట్లు, కాలరు లేదు, గుండీలు లేవు. చూసేవాళ్ళకి అది కోటులా ఉండదు కానీ, దర్జీకి కోటు మంచిచెడ్డలన్నీ అప్పుడే తెలుస్తాయి. చెల్లెలికి తొడిగి చుట్టూ తిరిగాడు. వెనక వీపు బాగా కూర్చుంది. ఎడమచెయ్యి బాగా వేలాడింది. అతను నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడాడు.

"చెయ్యి ఎత్తు. సెల్యూట్ చేస్తున్నట్టు."

ఆమె ఎత్తింది. ఛాతీ దాటి, కాలరు దగ్గరికి వచ్చేసరికి కోటు ముందుభాగమంతా చెయ్యితోపాటు పైకి లేచింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"దించు." అతను చంకలో వేలుపెట్టి చూశాడు. "ఇక్కడ పట్టేస్తోంది. చంక కిందికి కోశాను. పైకి కొయ్యాలి. చంక ఎంత పైకి ఉంటే చెయ్యి అంత హాయిగా లేస్తుంది, అందరూ ఉల్టా అనుకుంటారు. నా తప్పే."

"ఫర్వాలేదులే అన్నయ్యా. ఇలాగే ఉంచెయ్యి."

"ఇలాగే ఉంచడమేమిటి? సెల్యూట్ చెయ్యని ఆఫీసరు కోటు కుట్టానని నాకు పేరు రావాలా?"

కోటు విప్పడానికి అతను సాయం పట్టాడు. ఆమె ముందు ఎడమచెయ్యి బయటికి లాగి, తర్వాత కుడిచెయ్యి మీంచి కోటును జార్చింది. బోలెడుమందికి కోట్లు తొడిగి విప్పినవాడు కాబట్టి అది అతని కంట్లో పడింది. చాలామంది ముందు కుడిచెయ్యే తీస్తారు. పడింది కానీ, అప్పుడే హెడ్మాస్టరు గుమ్మంలోకి వచ్చాడు.

హెడ్మాస్టరు సన్మాన సంఘానికి పెద్ద. ఆదివారం స్కూలు హాల్లో ఆమెకి సభ. ఆయన మనిషి మంచివాడే కానీ, ఏ పనైనా మొదలుపెడితే దాని కింద తనే నలిగిపోయేంత పెద్దది చేస్తాడు. కుర్చీలో కూర్చోకముందే కార్యక్రమం చెప్పడం మొదలుపెట్టాడు. ముందు ప్రార్థన, తర్వాత ముఖ్య అతిథి, తర్వాత మరో అతిథి, తర్వాత ఇంకొకాయన.

"చివర్లో మన స్కూలు కేడెట్లు. ఆడపిల్లలేనమ్మా అందరూ. వరసగా వచ్చి నీకు సెల్యూట్ చేస్తారు. నువ్వు తిరిగి సెల్యూట్ చేస్తావు. అప్పుడు ఫోటో. పేపరువాళ్ళకి ఆ ఫోటోయే కావాలి."

"సెల్యూట్ లేకుండా జరపలేమా మాస్టారూ?" అంది చెల్లెలు.

ఆయన నవ్వాడు, అది వినయం అనుకుని. "చూశావా, ఇదీ పెంపకం. పిల్లలు ఎండలో పొద్దుటి నుంచీ ప్రాక్టీసు చేస్తున్నారమ్మా. ఒకమ్మాయి కళ్ళు తిరిగి పడింది కూడా. నిమ్మనీళ్ళు తాగించాం."

ఆయన వెళ్ళాక చెల్లెలు గుమ్మంలో నిలబడి చాలాసేపు వీధిలోకి చూసింది. అతను బ్లేడుతో కుడిచెయ్యి కుట్లు ఒక్కొక్కటే తెంపుతూ కూర్చున్నాడు.

*

శుక్రవారం మధ్యాహ్నానికి అతను కోటు కుడిచెయ్యిని ఎన్నిసార్లు విప్పాడో అతనికే లెక్క లేదు. చంక పైకి కోశాడు. కింద ముక్క అతికి చూశాడు. చెయ్యి తలను కాస్త ముందుకి తిప్పి కుట్టాడు. ప్రతిసారీ చెల్లెల్ని పిలవడం, తొడగడం, ఎత్తమనడం. ప్రతిసారీ చెయ్యి కాలరుదాకా వచ్చి అక్కడ ఆగడం. ఇప్పుడు గుడ్డ పైకి లాగడం లేదు, ముడత కూడా లేదు. అయినా ఆగుతోంది.

"నీకేమైంది ఇవాళ? అన్నం కూడా తినలేదు," అంది భార్య.

"నా చెయ్యి పోయిందే," అన్నాడు అతను. నవ్వుతూ అనబోయాడు, నవ్వు రాలేదు. "ఎక్కడ తప్పు చేస్తున్నానో కనిపించడం లేదు. ఎవరెవరి కోట్లో కుట్టాను. ఇంటి పిల్ల కోటు దగ్గరికి వచ్చేసరికి చేతకావడం లేదు."

అతని భార్య తెర దగ్గర నిలబడ్డ ఆడపడుచు మొహం చూసింది. ఏమనుకుందో, "పప్పు మాడుతోంది," అంటూ లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు.

"ఇంకొక్కసారి వేసుకోవే," అన్నాడు అతను. "ఈసారి చేతిని విడిగా కోసి..."

"అన్నయ్యా."

"మోచెయ్యి దగ్గర కాస్త వంపు..."

"అన్నయ్యా, కోటులో తప్పు లేదు."

ఆమె వచ్చి కోటు అతని చేతుల్లోంచి తీసుకుని బల్ల మీద పెట్టింది. అన్నయ్య పాత చొక్కాతోనే అతని ముందు నిలబడి కుడిచెయ్యి ఎత్తింది. చెయ్యి మెల్లిగా ఛాతీ దాటి, కాలరు దగ్గరికి వచ్చి ఆగింది. ఆమె పళ్ళు బిగించింది. చెయ్యి వణికింది కానీ అంగుళం కూడా కదల్లేదు.

"ఇంతే. ఏమీ వేసుకోకపోయినా ఇంతే."

అతను నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చాడు. చివరిది గుచ్చాక అడిగాడు.

"ఎప్పట్నుంచి?"

"మెడల్ పుట్టిన రోజు నుంచి."

ఆమె మళ్ళీ బల్ల చివర ఎక్కి కూర్చుంది. ఈసారి అతను దిగమనలేదు.

"దెబ్బలు తగిలినవాళ్ళని పడవల్లో ఇవతలికి తెస్తున్నాం. వరద నీళ్ళు. ఒడ్డున కట్టిన తాడు పట్టుకుని పడవ రావాలి. అవతల్నుంచి పేలుస్తూనే ఉన్నారు. తాడు కట్టిన చెట్టు విరిగిపోయింది. తాడు పోతే పడవ పోతుంది, పడవ నిండా జనం. నేను దగ్గర్లో ఉన్నాను. తాడుని భుజం మీదుగా వేసుకుని పడుకుండిపోయాను. అంతే. నేనేమీ ఆలోచించలేదు. ధైర్యం, గీర్యం, అవన్నీ తర్వాత ఎవరో రాశారు."

"నొప్పి?"

"అప్పుడు లేదు. పడవలన్నీ వచ్చాక చెయ్యి ఎటో వేలాడుతోంది. ఆపరేషన్ చేశారు. మెడల్ని ఆసుపత్రి మంచం మీదే ఇచ్చారు, దిండు మీద పెట్టి. అందుకే సెల్యూట్ చెయ్యాల్సిన అవసరం రాలేదు."

"ఇది తగ్గుతుందా?"

"తగ్గాల్సినంత తగ్గింది అన్నారు." చెల్లెలు బల్ల మీది సుద్దముక్కను గోటితో గీకింది. "వచ్చే వారం మెడికల్ బోర్డు. ఉంచాలో పంపెయ్యాలో వాళ్ళు చెప్తారు. సెల్యూట్ చెయ్యలేనిదాన్ని, తాడు లాగలేనిదాన్ని ఏం చేసుకుంటారు? ఒక చేత్తో మెడల్ ఇచ్చారు, రెండో చేత్తో యూనిఫాం లాగేస్తారు. నేను సెలవు మీద రాలేదు అన్నయ్యా. ఇదే ఆఖరిసారేమోనని కోటు కుట్టించుకుందామని వచ్చాను."

కుట్టుమిషను మీద ఎండ పడుతోంది. అతను లేచి, అవసరం లేకపోయినా, ఆ చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పాడు.

"నాకు ముందే చెప్పాల్సింది. నా చెయ్యి పోయిందనుకున్నాను."

"తెలుసు. రెండు రోజుల్నుంచి చూస్తున్నాను నీ మొహం. చెప్పడానికి నోరు రాలేదు. నీకెలా చెప్పను? సైన్యంలో చేరతానని మూడుసార్లు వెళ్ళావు, మూడుసార్లూ గుండెలో ఏదో చప్పుడుందని వెనక్కి పంపారు. నీకు తోడుగా వచ్చినదాన్ని నేను చేరిపోయాను. ఇప్పుడు వచ్చి, నన్ను కూడా వద్దంటున్నారని నీ దగ్గర ఏడవనా?"

"నా దగ్గర కాకపోతే ఇంకెవరి దగ్గర ఏడుస్తావే? ఈ ఇంట్లో వద్దనిపించుకోవడం నాకొక్కడికే తెలుసు."

ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతోపాటు కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. ఎడమచేతి వెనకవైపుతో తుడుచుకుంది.

"ఆఖరిసారి వద్దన్నాక, ఆ మర్నాడు ఏం చేశావు?"

"పడుకున్నాను. గోడవైపు తిరిగి. పొద్దెక్కాక పక్కింటి తాతగారు పంట్లాం పట్టుకుని వచ్చాడు, బొత్తాం ఊడిపోయిందని. ఇంట్లో ఎవరూ లేరు. తిట్టుకుంటూ లేచి కుట్టి ఇచ్చాను. మర్నాడు చొక్కా తెచ్చాడు. ఆ తర్వాత ఇంకొకటి. ఇన్ని బొత్తాలు ఎలా ఊడుతున్నాయా అనుకున్నాను. చాలా రోజులకి తెలిసింది, ఆయనే పీకి తెచ్చేవాడట."

"తాతగారా?"

"ఆయనే. నేను మొహమ్మీదే అడిగాను. ఏం చెయ్యమంటావురా, నువ్వు గోడకేసి పడుకుంటే మా ఇంట్లోకి నీ నిట్టూర్పులు వినపడుతున్నాయి, నాకు నిద్ర పట్టడం లేదు అన్నాడు."

ఆమె చాలాసేపు నవ్వింది. తర్వాత జేబులోంచి మేజోడు తీసి, దాన్ని బల్ల మీద బోర్లించింది. పతకం దొర్లి అతని మోచేతి దగ్గర ఆగింది. అతను అరచేతిలోకి తీసుకున్నాడు. పేపర్లో చూసి ఊహించుకున్నదానికన్నా చిన్నది. ఒకవైపు ఏదో ముద్ర, మరోవైపు నున్నగా ఖాళీ. సబ్బు వాసన ఇంకా పోలేదు.

"పెట్టుకో ఒకసారి. ఎవరూ లేరు," అంది ఆమె.

అతను అద్దం వైపు చూశాడు. ఒకప్పుడైతే ఈ మాట కోసం ఏమైనా ఇచ్చేవాడు. ఇప్పుడు ఆ కోరిక కోసం లోపల వెతుక్కుంటే, కోటు వెనక ఎంత పట్టీ వేస్తే ఈ బరువు ఆగుతుందన్న ఆలోచన మాత్రమే తగిలింది.

"వద్దే. పల్చటి చొక్కా. పిన్ను చింపేస్తుంది."

కోటును మళ్ళీ దగ్గరికి లాక్కుని, సూదిలోకి దారం ఎక్కించాడు. "నీ చెయ్యి ఎంతవరకు లేస్తుందో అంతవరకు ఒక్క ముడత లేకుండా కుడతాను. ఆ పైది నా పని కాదు. భుజంలో దూది పెట్టనా, వద్దా? అది ఒక్కటి చెప్పు."

ఆమె ఆలోచించింది. "పెట్టు," అంది. కాసేపాగి, "ఆదివారానికి మాత్రం పెట్టు," అంది.

*

శనివారం పొద్దున అతను హెడ్మాస్టరు ఇంటికి వెళ్ళాడు. సెల్యూట్ తీసేసి ఇంకేదైనా పెట్టమని అడుగుదామని వెళ్ళాడు కానీ, కారణం చెప్పే హక్కు తనకి లేదు. కారణం లేని మాట ఆయన ముందు నిలవలేదు. ఆయన అప్పటికే హాలుకి రంగుకాగితాల తోరణాలు కట్టిస్తున్నాడు. "కోటు కుదరలేదా ఏమిటి?" అని కూడా అడిగాడు. కుదిరిందని చెప్పి తిరిగొచ్చాడు.

వెనక వసారాలో తల్లి బటానీలు ఒలుస్తోంది. కొడుకుని చూసి పక్కకి జరిగింది. అతను కూర్చుని తనూ ఒక కాయ తీసుకున్నాడు.

"మాస్టారు ఒప్పుకోలేదా?" అంది తల్లి.

అతని చేతిలో గింజలు గిన్నెలో పడకుండా నేల మీద పడ్డాయి. "దేనికి?"

"దాని చేతి సంగతికే కదా వెళ్ళావు."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? వచ్చిన రోజు తలస్నానం చేసి వచ్చింది. చెయ్యెత్తి తల తుడుచుకోలేక, టవలు తల మీద వేసుకుని కుర్చీ వీపుకి రుద్దుకుంటోంది, దూడ స్తంభానికి రుద్దుకున్నట్టు. తలుపు సందులోంచి చూశాను. నీ పెళ్ళానికీ తెలుసు. నిన్న దానికి జుట్టు దువ్వింది ఎవరనుకున్నావు?"

"మరి అడగలేదేం?"

తల్లి గుప్పెడు తొక్కలు తీసి పక్కన పోసింది. "అడిగితే చెప్పాలి. చెప్పడానికి దానికి ఇంకా బలం రాలేదు. నీ దగ్గర చెప్పింది కదా, చాలు. పక్కింటాయన బొత్తాలు తెస్తుంటే నిన్ను మాత్రం నేనేమైనా అడిగానా?" అతని వైపు తిరిగి చూసింది. "ఆ బొత్తాలు పీకడానికి ఆయన ఎవరి కత్తెర తీసుకునేవాడో కూడా నీకు తెలియదు. నాదే."

అతను కింద పడ్డ గింజలు ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేశాడు.

ఆ సాయంత్రానికి కోటు పూర్తయింది. గుండీలు కుట్టి, కాజాలు చుట్టి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశాడు. జేబు పైన, గుండె వైపు, పతకానికి రెండు దారపు ఉచ్చులు వేశాడు. కుడి భుజంలో దూది పట్టీ పెట్టి కుట్టాడు. చెల్లెలు వేసుకుని అద్దం ముందు నిలబడింది. రెండు భుజాలూ గీత గీసినట్టు సమంగా ఉన్నాయి.

"సెల్యూట్ సంగతి మాస్టారు వినలేదు," అన్నాడు అతను.

"తెలుసు. వదిన చెప్పింది." ఆమె అద్దంలో తనను తాను అలాగే చూసుకుంది. "పోనీలే. నేను చూసుకుంటాను."

*

ఆదివారం హాలు నిండింది. కుర్చీలు చాలక గోడల పొడుగునా నిలబడ్డారు. దర్జీ, అతని భార్య, తల్లి రెండో వరసలో కూర్చున్నారు. వేదిక మీద చెల్లెలు ముఖ్య అతిథి పక్కన నిటారుగా కూర్చుంది. ముఖ్య అతిథి వీరమాతల గురించి, వాళ్ళు దేశానికిచ్చిన కొడుకుల గురించి మాట్లాడుతున్నాడు. కొడుకులు అన్నప్పుడల్లా హెడ్మాస్టరు ఆయన చొక్కా అంచు పట్టుకుని మెల్లిగా లాగుతున్నాడు.

"ఎంత సేపు మాట్లాడతాడు?" అంది తల్లి.

"ఇంకా ఇద్దరున్నారత్తయ్యా," అంది కోడలు.

దర్జీ ఏ మాటా వినడం లేదు. అతని కళ్ళు కోటు మీదే ఉన్నాయి. కుడిచెయ్యి బాగా వేలాడుతోంది. కూర్చున్నప్పుడు కాలరు లేవలేదు. పతకం బరువుకి గుడ్డ లాగలేదు. ఎక్కడా వంక లేదు. వంక లేకపోవడం చూసిన కొద్దీ, విప్పి సరిచెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదని అతనికి అనిపించింది.

చివరికి కేడెట్ల వంతు వచ్చింది. తెల్లటి చేతి తొడుగులు, మెరిసే బూట్లు. ఆడపిల్లలు వరసగా నడిచి వచ్చి వేదిక ముందు నిలబడ్డారు. ముందున్న పిల్ల గట్టిగా ఏదో అరిచింది. చేతులన్నీ ఒక్కసారి నుదుటి దగ్గరికి లేచాయి. చెల్లెలు లేచి నిలబడింది. ఫోటోగ్రాఫరు మోకాలి మీద కూర్చుని కెమెరా ఎత్తాడు.

ఆమె చేతులు పక్కలకే ఉన్నాయి.

పిల్లల చేతులు నుదుటి దగ్గరే ఉన్నాయి. హెడ్మాస్టరు మైకు పక్కకి తిరిగి, "సెల్యూటమ్మా, సెల్యూట్," అన్నాడు. అది మైకులో అందరికీ వినపడింది. దర్జీ భార్య అతని మోచెయ్యి పట్టుకుంది. తల్లి కదల్లేదు.

చెల్లెలు రెండడుగులు వేసి మైకు దగ్గరికి వచ్చింది.

"మీ సెల్యూట్ నాకు అందింది," అంది పిల్లలతో. ఇంట్లో మాట్లాడినట్టే ఉంది గొంతు. "తిరిగి చెయ్యాలని ఉంది. నా చెయ్యి ఇంతవరకే లేస్తుంది."

ఎత్తి చూపించింది. చెయ్యి మెల్లిగా పతకం దాటి, కాలరు దగ్గరికి వచ్చి ఆగింది. కోటు మీద ముడత పడలేదు. కాసేపు అక్కడే ఉంచింది, అందరూ చూసేదాకా.

"ఈ మెడల్, ఈ చెయ్యి రెండూ ఒకే రోజు ఒకే తాడుకి వచ్చాయి. వచ్చే వారం నన్ను ఉంచుతారో పంపేస్తారో డాక్టర్లు చెప్తారు. వాళ్ళు చెప్పేదాకా దాచుదామనుకున్నాను. ఈ కోటు భుజంలో దూది కూడా పెట్టించాను. కానీ మీరు ఎండలో కళ్ళు తిరిగేదాకా నేర్చుకున్నారట. మీకు అబద్ధం చూపించడం బాగుండదు." నుదుటి దగ్గరే ఆగిన చేతుల వైపు చూసింది. "ఇక దించండమ్మా. నొప్పెడతాయి. నాకు తెలుసు."

పిల్లలు చేతులు దించారు. ఎవరో వెనక నుంచి చప్పట్లు కొట్టబోయి, తానొక్కడే అని తెలిసి ఆపేశాడు. ముఖ్య అతిథి తన బూట్ల వైపు చూసుకున్నాడు. ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తి ఉంచాడు కానీ తీశాడో లేదో తెలియదు. కార్యక్రమంలో ఆ తర్వాత ఏముందో హెడ్మాస్టరుకి గుర్తు రాలేదు. చేతిలో కాగితం అటూ ఇటూ తిప్పాడు.

అప్పుడు వరస చివర ఉన్న ఒక పిల్ల, బొద్దుగా, కళ్ళద్దాలతో ఉన్నది, చెయ్యెత్తింది. క్లాసులో ఎత్తినట్టు.

"మేడమ్, మరి తాడు ఎలా వేసుకోవాలి? భుజం పోకుండా?"

హెడ్మాస్టరు ఆ పిల్లను ఊరుకోమన్నట్టు చెయ్యూపాడు. చెల్లెలు మాత్రం ఆ పిల్ల వైపే చూస్తోంది. ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి, ఆసుపత్రి దగ్గర్నుంచి, ఆమెను అందరూ చాలా అడిగారు. భయం వెయ్యలేదా అని, ఇంటి మీద బెంగ పెట్టుకోలేదా అని. ఇది ఎవరూ అడగలేదు.

"మంచి ప్రశ్న," అంది. "నేను వేసుకున్నది తప్పు. చూపిస్తాను. తాడు ఉందా ఎక్కడైనా?"

వేదిక తెర లాగే తాడు ఉంది. ఎవరో వెళ్ళి విప్పుకొచ్చారు. తెర ఒకవైపు జారి ముఖ్య అతిథి కుర్చీ మీద వాలింది. ఆయన లేచి పక్కకి జరిగాడు. చెల్లెలు వేదిక మెట్లు దిగి పిల్లల మధ్యకి వచ్చింది. కోటు అడ్డొచ్చింది. ముందు ఎడమచెయ్యి తీసి, కుడిచెయ్యి మీంచి జార్చి, చూడకుండానే వెనక కుర్చీ మీదికి విసిరింది. అది కుర్చీ అంచుకి తగిలి కింద పడింది.

"ఇలా రా. నువ్వు పడవవి. నువ్వు వరద. గట్టిగా లాగాలి, మొహమాటపడకు." తాడు చివర పళ్ళతో పట్టుకుని, ఎడమచేత్తో నడుము చుట్టూ తిప్పింది. "బరువు తుంటి మీద పడాలి. భుజం మీద కాదు. కాలు ఇలా పెట్టు. ఆఁ, ఇప్పుడు లాగండి."

పిల్లలు లాగారు. ఆమె కదల్లేదు. అందరూ ఓసారి నవ్వారు. కళ్ళద్దాల పిల్ల నవ్వలేదు.

"చెట్టుకి కట్టొచ్చు కదా మేడమ్?"

"కట్టాం. చెట్టు విరిగింది. చెట్టు విరిగితే ఏం చెయ్యాలో ఎవరూ ముందు నేర్పలేదు. అందుకే ఇప్పుడు నువ్వు నేర్చుకుంటున్నావు. ఇలా ఇవ్వు, నడుముకి నువ్వు చుట్టుకో. అలా కాదు. మళ్ళీ."

గోడల దగ్గర నిలబడ్డవాళ్ళు ముందుకి వచ్చి గుండ్రంగా మూగారు. వెనకవాళ్ళు కుర్చీలెక్కారు. హెడ్మాస్టరు కూడా, కాసేపటికి, వరద పక్కన చేరి తాడు పట్టుకున్నాడు. మూల బల్ల మీద అతిథుల టీలు చల్లారిపోతున్నాయి.

దర్జీ లేచి వెళ్ళి నేల మీది కోటు తీశాడు. దుమ్ము దులిపాడు. నాలుగు రోజులు విప్పి కుట్టి, విప్పి కుట్టి చేసిన కోటు అలా పడి ఉంటే, ఇంకెవరిదైనా అయితే అతనికి ఒళ్ళు మండేది. జనంలోంచి చెల్లెలి గొంతు పైకి వినిపిస్తోంది, ఎవర్నో కోప్పడుతోంది, కాలు సరిగ్గా పెట్టలేదని. ఆ గొంతు అతను చాలా ఏళ్ళుగా వినలేదు.

వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

"ఇంటికి పోదామా?" అంది భార్య. "అత్తయ్యకి కాళ్ళు లాగుతున్నాయట."

"నాకేం లాగడం లేదు," అంది తల్లి.

"ఉండు," అన్నాడు అతను. "దానికి ఇంకా పని అవలేదు."

కోటు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. పతకం మోకాలికి గుచ్చుకుంటుంటే, అవతలి వైపుకి తిప్పి పెట్టుకున్నాడు.